మెట్ట మీద పడవ

సమ్మక్క నోటికి జడిసి శబరి ఏరు కూడా ఆ మలుపులో కాస్త అవతలికి జరిగి పారుతుందని దోర్నపాల్ సంతలో ఒక మాట ఉండేది. అది పూర్తిగా అబద్ధమేమీ కాదు. ఆమె ఇవతలి గట్టున గొంతెత్తితే, అవతల జయపురం జమీందారీ వైపు మేకలు కాసుకునేవాళ్లు తమనే అనుకొని లేచి నిలబడేవాళ్లు.

బస్తర్ ఇంకా సంస్థానంగా ఉన్న రోజులవి. దోర్నపాల్‌కు దిగువన, ఏరు కొంచెం నెమ్మదించే చోట ఒక రేవు ఉండేది. రేవు నడిపేది సమ్మక్క మగడు వెంకన్న. రెండు దోనెలను పక్కపక్కన కట్టి, పైన వెదురు తడిక పరిచిన సంగడి అతనిది. ఇరవై మంది మనుషులూ, వాళ్ల గంపలూ, మేకలూ, కోళ్లూ అన్నీ దాని మీదే దాటాలి.

భద్రాచలం వైపు నుంచి కోడలిగా వచ్చిన మూడో రోజున అత్త సమ్మక్కను చేయి పట్టుకొని పెరట్లోకి తీసుకెళ్లింది. అక్కడ ఇరవై నాలుగేళ్ల మనిషి ఒకడు చింతగింజలను రెండు కుప్పలుగా పోస్తూ కూర్చున్నాడు.

"వీడు నీ మరిది సీతారాములు. పెండ్లి అయ్యేదాక వాళ్ల మేనమామ ఇంట్ల దాసినం," అంది అత్త. "వీనికి తెలివి జర నిదానం. నేనున్నన్ని దినాలు నేను జూస్త. తర్వాత నువ్వు జూడాలె."

"దాసుడెందుకు?"

"చూస్తే పిల్లనియ్యరని."

"చూసినా వొచ్చేదాన్నే. దాసిన్రు సూడు, గందుకు కోపమొస్తున్నది," అంది సమ్మక్క.

ఆ కోపం అత్త పోయేదాకా తగ్గలేదు. అత్త పోయింది రెండేళ్ల తర్వాత.

సీతారాములు ఐదో ఏట నడిచాడు, తొమ్మిదో ఏట మాట్లాడాడు. పెద్దయ్యాక కూడా అతనికి ఉన్నవి పది పన్నెండు మాటలే. అతనికి ఏదో ఒక పని నేర్పాలని ఊళ్లో అందరూ ప్రయత్నించి చేతులు ఎత్తేశారు. ఆ కథలు చెప్పుకొని నవ్వుకోవడం రేవులో పడవ కోసం కాచుకునేవాళ్లకు కాలక్షేపం.

కమ్మరి మంగ్లూ అతన్ని కొలిమి దగ్గర కూర్చోబెట్టి తిత్తి ఊదమన్నాడట. చెప్పి, కల్లు తాగడానికి వెళ్లాడట. తిరిగి వచ్చేసరికి నెల రోజులకు సరిపడా బొగ్గు బూడిదైంది; పట్టకారు కరిగి వంకర తిరిగింది; సీతారాములు మాత్రం ఇంకా ఊదుతూనే ఉన్నాడు. ఇంకోసారి, పొద్దు గూకేలోపు కనబడ్డ పశువులన్నిటినీ తోలుకురమ్మన్నారట. నలభై మూడు పశువులు వచ్చాయి. అందులో ఊరివి పద్దెనిమిది. ఠాణా వాళ్ల జోడెడ్లు రెండు. మిగిలినవి ఎవరివో ఇప్పటికీ తెలియదు. ఆరు రోజుల కిందట తప్పిపోయిన ఒక గుడ్డి గేదె కూడా ఆ గుంపులో ఉండడంతో, దాని యజమాని ఒక్కడే ఆ రోజు సీతారాములును మెచ్చుకున్నాడు.

ఈ కథలు విని అందరూ కడుపు పట్టుకొని నవ్వుతుంటే సమ్మక్కకు నవ్వు రాలేదు. నేరుగా మంగ్లూ కొలిమికి నడిచింది.

"మంగ్లూ, ఊదుమన్నవు గదా, ఆపుమని చెప్పినవా?"

మంగ్లూ తల గోక్కున్నాడు. "చెప్పలేదక్కా."

"మరి మందబుద్ధి ఎవనిది?"

సమాధానం కోసం ఆమె ఆగలేదు. ఆగితే మంగ్లూ ఇంకో నెల బొగ్గు కాల్చేసేవాడు, ఆలోచనతోనే.

ఇదంతా బాగానే ఉంది గానీ, సీతారాములుకు ఏ పని నప్పుతుందో ఆమెకూ తెలియలేదు. తెలిసింది ఒక ఉదయం, కోపంలో. నీళ్లు తెమ్మని కావడి ఇచ్చి పంపింది. ఎంతకీ రాడు. పొయ్యి మీద ఎసరు ఆవిరైపోయింది. గరిట చేతిలో పట్టుకొనే ఏటికి పోయి చూస్తే, సీతారాములు కావడి పక్కన గొంతుక్కూర్చొని, ఒక కుండలోంచి పుడిసెడు నీళ్లు తీసి రెండో దాంట్లో పోస్తున్నాడు. కావడి ఎత్తి చూస్తాడు. దించుతాడు. మళ్లీ పుడిసెడు తీస్తాడు. చివరికి ఎత్తాడు. బద్ద రెండు వైపులా గీత గీసినట్టు నిలిచింది. ఇంటిదాకా ఒక్క చుక్క తొణకలేదు. సమ్మక్క గరిటను కొంగులో దాచుకొని వెనకే నడిచింది.

ఆ వానాకాలంలోనే వెంకన్న ఆశకు పోయి జనాన్ని ఎక్కువగా ఎక్కించాడు. ఒకవైపు దోనె అంచు నీళ్లను తాకింది. మనుషులు దక్కారు గానీ రెండు గంపల కోళ్లు జయపురం వైపు కొట్టుకుపోయి అక్కడే స్థిరపడ్డాయి. ఇంటికొచ్చిన వెంకన్న తడి పంచె మార్చుకోకముందే సమ్మక్క అంది:

"రేపటి సంది జనాన్ని కూసోబెట్టేది సీతారాములు."

"పిచ్చి లేసిందా ఏంది? పడవల ఎక్కేది మనుషులే, నీళ్ల కుండలు గాదు!"

"గా మనుషులను నువ్వు కుండల కన్న అధ్వానంగ కుక్కుతున్నవు గదా."

వెంకన్న ఒప్పుకోలేదు. అయినా సమ్మక్క ఒప్పుకోలు కోసం పనులు ఆపే మనిషి కాదు. మరునాడు పొద్దున్నే ఇంటి ముందు మెట్టలో వెదురు గడలు పరిచి, సంగడి అంత కొలతకు పడవ గీసింది. గూడెమంతా తిరిగి పిలుచుకొచ్చింది.

"వొచ్చి గిండ్ల కూసోండ్రి. ఒక్కొక్కరికి దొప్పెడు అంబలి."

అలా పదకొండు రోజులు పొడి నేల మీద పడవ నడిచింది. దారిన పోయేవాళ్లు ఆగి చూసేవాళ్లు. ఇరవై మంది పెద్ద మనుషులు, గంపలు ఒళ్లో పెట్టుకొని, ఎండలో, నేల మీద గీసిన పడవలో బుద్ధిగా కూర్చున్నారు. సీతారాములు వాళ్ల మధ్య తిరుగుతున్నాడు. అతనికి సమ్మక్క నేర్పిన మాటలు నాలుగే: ఇటు, అటు, కూసో, లెయ్యొద్దు. రోజుకు ఒక్కటే నేర్పింది. మాటతో పాటు చేయి ఎలా చూపాలో నేర్పింది. అతను తప్పు చేస్తే కసరలేదు. మొదటి నుంచి మళ్లీ అందరినీ లేపి ఎక్కించింది. కసురులన్నీ ప్రయాణికులకే.

"ఏయ్ లక్మా! నడి ఏట్ల దిగిపోతున్నవేంది?"

పక్కింటి లక్మా వెదురు గడ దాటి అవతల ఉమ్మి వచ్చాడంతే. "అక్కా, కాలు తిమ్మిరెక్కింది. ఇంతకీ మనం ఏ గట్టుకు పోతున్నం?"

"నువ్వు గిట్ల దిగితే ఏ గట్టుకూ పోం. మొసలి మింగింది నిన్ను. పో, ఇయ్యాల అంబలి లేదు."

నాలుగో రోజుకు ముసలి ఇర్మె తనకు పడవ ఊపుకు తల తిప్పుడు వస్తోందని పడుకుంది. నేల మీద తిప్పుడేమిటని ఎవరూ అడగలేదు. అప్పటికి అందరూ కొంచెం ఊగుతూనే ఉన్నారు.

ఆ తర్వాత రెండు నెలలు గట్టు పక్క లోతులేని నీళ్లలో నిజం సంగడి మీద నేర్పింది. సీతారాములు ఒడ్డున గొంతుక్కూర్చొని, రెండు దోనెల అంచులూ నీటికి ఎంత ఎత్తున ఉన్నాయో కళ్లు చికిలించి చూసేవాడు. ఎవరిని ఎటు జరపాలో చేయి చూపేవాడు. రెండూ సమానంగా నిలిచాక, కట్టుతాడు విప్పి తానే నవ్వుకునేవాడు. అది చూడ్డానికి వెంకన్న మొదట దూరంగా, తర్వాత దగ్గరగా, ఆ తర్వాత పక్కనే కూర్చోవడం మొదలుపెట్టాడు. ఒప్పుకున్నానని మాత్రం చెప్పలేదు.

సంత రోజుల్లో గొడవలు లేకపోలేదు. ఉప్పు అమ్మే బుల్లమ్మ నిండైన మనిషి. ఆమెను ఒకవైపు కూర్చోబెట్టి, రెండోవైపు నలుగురిని పెట్టాడు సీతారాములు. ఆమె మొదట శోకాలు పెట్టింది. కాళ్లు చాపుకొని పోవచ్చని తెలిశాక, ఇంకెవరన్నా తన వైపు ఎక్కబోతే తానే "అటు!" అని తోలేసేది.

ఆ మరుసటి ఏడాది, వానలు వెనకపట్టినా ఏరు ఇంకా నిండుగా ఉన్న రోజుల్లో, జగదల్‌పూర్ నుంచి నాయబు తహసీల్దారు సాహెబు వచ్చాడు. మంచి పొట్ట, మెలితిప్పిన మీసాలు. వెంట పెట్టెలు, గొడుగు పట్టే జవాను భీమా, మడత కుర్చీ. భీమా కుర్చీని తెచ్చి సంగడి మీద ఒక అంచున వేశాడు. సాహెబు కూర్చున్నాడు. సంగడి ఒక పక్కకు ఒరిగింది.

సీతారాములు దగ్గరికి వెళ్లి తడిక మీద అరచేత్తో తట్టాడు. "కూసో."

సాహెబు భోపాలపట్నంలో పని చేసినప్పుడు పోలీసుల దగ్గర కొంత తెలుగు పట్టుకున్నాడు. "ఈ ఆద్మీ ఏమంటది?" అని గద్దించాడు.

ఆ రోజు సమ్మక్క సంగడి మీదే ఉంది. "మీరు శానా వజన్ ఉన్న మనిషి, మీకు పక్కంత ఇయ్యాలె అంటున్నడు సాహెబ్."

వజన్ అంటే బరువూ, పరపతీ; ఆ మాట సాహెబు చెవికి ఇంపుగా తగిలింది. మీసం మీద చేయి వేసుకొని కుర్చీ దిగి తడిక మీద కూర్చున్నాడు. సీతారాములు నీటి అంచు చూసి, ఎదుటి వైపుకు ఒక మేకను ఎక్కించాడు. చాల్లేదు. రెండో మేక. మూడో మేక. ఆ పైన ఒక ఉప్పు బస్తా. అప్పుడు రెండు దోనెలూ సమానంగా నిలిచాయి. అతను సాహెబును ఆనందంగా చూసి, ఎదుటి వైపు వేలు పెట్టి లెక్క చెప్పాడు: "మేక. మేక. మేక. ఉప్పు."

"ఇదేం మాట్లాడ్తది?"

సమ్మక్క ఇంకో అబద్ధం వెతుక్కుంటుండగా, నిజం తప్ప మరేమీ చేతకాని ఇర్మె మేకల మధ్య నుంచి అందుకుంది. "నువ్వు మూడు మేకలు, ఒక ఉప్పు బస్తా అంత ఉన్నవంటడు."

గట్టు మీద ముప్పై మంది మొహాలు పక్కకు తిప్పుకున్నారు. సాహెబు మొహం ఎర్రబడింది. అయితే అప్పటికే తాడు విప్పేశారు, పడవ కదిలిపోయింది. కదిలిన పడవలో ఎంతటి అధికారైనా చేయగలిగింది తక్కువ.

నడి ఏట్లో ఎగువ నుంచి ఏదో నల్లగా, పొడుగ్గా తేలుతూ వచ్చింది. సాహెబు చూశాడు. "మగర్! మగర్!" అంటూ దిగ్గున లేవబోయాడు. సంగడి ఊగింది. మేకలు అరిచాయి. సీతారాములు రెండంగల్లో వచ్చి, సాహెబు రెండు భుజాల మీదా చేతులు వేసి, కుండను చుట్టకుదురు మీద పెట్టినంత నెమ్మదిగా కిందికి అణిచాడు.

"లెయ్యొద్దు."

సాహెబు లేవలేదు. మొసలి దగ్గరికొచ్చింది. అది వరదకు కొట్టుకొచ్చిన మద్ది దుంగ. దాని మీద ఒక కాకి దర్జాగా కూర్చొని, వీళ్లందరినీ ఒకసారి చూసి, దిగువకు సాగిపోయింది.

అవతలి గట్టు చేరాక అందరూ గబగబా దిగి మాయమయ్యారు. అధికారిని ముట్టుకొని కూర్చోబెట్టినందుకు సీతారాములును కట్టేసి తీసుకుపోతారని వెంకన్న అనుకున్నాడు. తెడ్డును గట్టిగా పట్టుకొని నిలబడ్డాడు. కానీ సాహెబు పెట్టెల మీద కూర్చొని, సమ్మక్కను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు తగ్గించాడు.

"ఈయన పుట్టినప్పటి నుంచి గిట్లనే?"

"ఔ సాహెబ్."

"పని ఎవరు నేర్పింది?"

"నేనే."

"కొట్టి?"

"కొడితే నేర్చుకునేదుంటే మా ఆయన ఎప్పుడో పండితుడైతుండె," అంది సమ్మక్క.

సాహెబు నవ్వలేదు. ఎన్ని రోజులు పట్టిందని అడిగాడు. మెట్ట మీద పడవ సంగతి రెండుసార్లు చెప్పించుకొని విన్నాడు. తర్వాత మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

పుష్యమాసపు చలిలో రేవు ముందు ఒక గూడు బండి ఆగింది. ముందు సాహెబు దిగాడు. తర్వాత వంటమనిషి, పరుపులు, దోమతెర. అన్నిటి తర్వాత ఒక ఆడమనిషి. ఇరవై ఆరేళ్లుంటాయి. కొత్త చీర. కళ్లు ఎండకు ఓర్వలేక మూసుకుపోతున్నాయి. సాహెబు చెల్లెలు ఫూల్‌మతి. జగదల్‌పూర్ ఇంట్లో వెనక గదిలో ఉండేదట. చుట్టాలకు చాలామందికి ఆమె ఉన్న సంగతే తెలియదట.

సాహెబు జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఆమె విషయంలో తీసుకోవలసిన జాగ్రత్తలు, పద్నాలుగు. నీళ్ల దగ్గరికి పోనివ్వకూడదు. పొయ్యి దగ్గరికి పోనివ్వకూడదు. ఎండలో ఉండకూడదు. కొత్త మనుషుల్లో ఉండకూడదు. బరువు ఎత్తకూడదు. అలా చదువుతూ పోయాడు.

సమ్మక్క ఓపిగ్గా అన్నీ విన్నది. "ఇవన్ని తీసేస్తే ఇంక మిగిలేది ఏంది సాహెబ్?"

ఆయన కాగితం కిందా మీదా వెతికాడు. దాన్ని మడుస్తూ అన్నాడు: "నిద్ర."

సమ్మక్క వంటమనిషినీ దోమతెరనూ అదే బండిలో వెనక్కి పంపింది. చెల్లెలిని ఉంచుకుంది.

మొదటి మూడు వారాలు సమ్మక్క ఓడిపోయిందనే చెప్పాలి. ఫూల్‌మతికి ఏరంటే హడలు. వీపు ఏటికి పెట్టి కూర్చునేది. విస్తరాకులు కుట్టడం నేర్పబోతే, ఇతరులు కుట్టినవి కూడా ఊడదీసి ఆకులను పేర్చింది. కూరలో ఉప్పు వేయమంటే వేసింది. ఆపమని చెప్పడం మాత్రం ఈసారి సమ్మక్కే మరిచింది. ఆ రోజు ఇల్లంతా ఒట్టి అంబలి తాగింది. వెంకన్న మాత్రం మంగ్లూకు ఆ కబురు మోసుకెళ్లి చెప్పాడు.

ఇరవై రెండో రోజు సంత. సంగడి తిరిగొచ్చిందంటే రేవులో పెద్ద రభస. అన్నీ ఒకే తీరు వెదురు గంపలు. ఇది నాదంటే నాదని జుట్లు పట్టుకునేవాళ్లు. ఆ రోజు ఫూల్‌మతి ఏటికి వీపు పెట్టి కూర్చున్నదల్లా లేచి వచ్చి, ఒక గంప తీసి ఇర్మె చేతిలో పెట్టింది. ఇంకొకటి తీసి లక్మా భుజానికెత్తింది. అలా ముప్పై గంపలు. ఒక్కటి తప్పలేదు. ప్రతి గంపకూ అంచు కట్టు ఒక్కో తీరుగా ఉంటుందట. అల్లినవాళ్లు కూడా ఎన్నడూ గమనించని సంగతి.

"మూడు వారాల సంది గంపలనే జూస్తున్నది పిల్ల. నేనే కనుక్కోలేదు. నాదే మందబుద్ధి," అంది సమ్మక్క. ఆమె నోటి నుంచి అలాంటి మాట రావడం అదే మొదలూ, అదే చివరా.

ఎండాకాలంలో సాహెబు చూడ్డానికొచ్చాడు. చెల్లెలు ఎండలో, కొత్త మనుషుల్లో, నీళ్ల పక్కన, నెత్తిన గంపతో నిలబడి ఉంది. ఆయన దారికి అడ్డంగా నిలబడి పిలిచాడు. పుట్టాక ఒక్క పూర్తి వాక్యం మాట్లాడని ఫూల్‌మతి, అన్నను చూసి, స్పష్టమైన తెలుగులో, అచ్చం సమ్మక్క తిట్టే తీరున అంది:

"నీ మొకం మండ, ఎటు జూస్తున్నవ్? జరుగు."

సమ్మక్క గబగబా ముందుకొచ్చింది. "అన్నా బాగున్నవా అంటున్నది సాహెబ్."

"అంత తెలుగు నాకొస్తది," అన్నాడు సాహెబు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. పొట్ట నవ్వుతో కదులుతోంది. ఇంకోసారి అనిపించుకోవాలని మళ్లీ అడ్డం నిలబడ్డాడు. ఆమె అంది. ఈసారి ఇంకో మాట కూడా కలిపింది. అది ఇక్కడ రాయదగ్గది కాదు.

తిరిగెళ్లాక ఆయన సమ్మక్క బడికి సాయం చేయమని పై కచేరీకి ఉత్తరం రాశాడు. అప్పటికి సమ్మక్క దగ్గర సీతారాములు, ఫూల్‌మతితో కలిపి ఐదుగురున్నారు. కిష్టారం వైపు నుంచి తల్లి నడిపించుకొచ్చిన సన్న అనే ముప్పై ఏళ్ల మనిషి. అతనికి మాట లేదు. దోర్నపాల్ నుంచి సోమ్లీ; ఆమెకు తనను ఎవరన్నా తొందరపెడితే చేతులు ఆగిపోతాయి. అవతలి ఒడ్డు నుంచి ఒక పెద్దాయన. అతను చేరిన నెలకు సంగడికి తాళ్లు పేనడంలో వెంకన్నను మించాడు. ఉత్తరం ఫలితంగా ఒక తనిఖీ అయ్యవారు బడి చూడ్డానికి వచ్చాడు. బడి ఎక్కడని అడిగితే సమ్మక్క మెట్ట మీద వెదురు గడలు చూపించింది.

"ఏమేం పాఠాలు చెబుతారమ్మా?"

"ఇటు, అటు, కూసో, లెయ్యొద్దు."

అయ్యవారు వరసగా నాలుగు పాఠాలూ రాసుకున్నాడు. "పరీక్ష ఎప్పుడు పెడతారు?"

"సంత సంతకు."

"తప్పినవాళ్లను ఏం చేస్తారు?"

"తప్పితే మునిగేది మేం. వాళ్లకు ఈత వొస్తది."

ఆరు నెలలకు పైనుంచి సాయం అందింది. ఒక ఇత్తడి గంట, ఒక పెట్టె సుద్దముక్కలు. సుద్దతో దోనెల మీద నీటి గీత గీశారు. మొదటి ప్రయాణంలోనే కడుక్కుపోయింది. గంట మాత్రం పనికొచ్చింది. మాటలేని సన్న దాన్ని చేతికి తగిలించుకున్నాడు. ఇక చాలు, ఇంకెవరూ ఎక్కొద్దు అని చెప్పాల్సి వచ్చినప్పుడు అతను మోగిస్తే, ఠాణా జమాదారు కూడా ఒక కాలు గట్టు మీదే ఉంచుకొని ఆగిపోయేవాడు.

తర్వాత సంస్థానం పోయింది. సాహెబు ఉద్యోగం చాలించాడు. ముసలితల్లి కూతుర్ని చూడాలంటోందని ఫూల్‌మతిని తీసుకెళ్లడానికి వచ్చాడు. ఆ రోజు సమ్మక్క మాట్లాడలేదు. నోట్లో నాలుక లేనట్టు బట్టల మూట కట్టి, బండిలో పెట్టి, లోపలికి పోయి తలుపేసుకుంది. భయపడ్డ వెంకన్న తానే వంట చేశాడు. వానాకాలమంతా ఆమె ఎవరినీ తిట్టలేదు. గూడెంలో జనానికి నిద్ర పట్టలేదు.

ఏరు తగ్గి, వరదకు ఆగిన రేవు మళ్లీ మొదలైన వారానికి జగదల్‌పూర్ నుంచి బండి వచ్చింది. సాహెబు మొదట దిగాడు. తల్లి ఇప్పుడు కూతుర్ని ముందు గదిలోనే కూర్చోబెట్టుకుంటోందని, వచ్చిన చుట్టాల్లో ఎవరి చెప్పులు వాళ్లకు తప్పుపోకుండా అందించేది ఆమేనని, అయినా నెల నుంచి పొద్దస్తమానం దక్షిణం వైపు చేయి చూపి మూట కట్టుకు కూర్చుంటోందని చెప్పాడు. ఇకమీదట వానలకు అక్కడ, రేవు మొదలయ్యాక ఇక్కడ అని ఇంట్లో అందరూ ఒప్పుకున్నారట.

సమ్మక్క ఎదురు వెళ్లింది. ఫూల్‌మతి బండి దిగి ఆమె వైపు చూడనైనా చూడలేదు. నేరుగా గట్టు మీద కుప్పగా పడున్న గంపల దగ్గరికి నడిచి, ఒకటి తీసి, అటూ ఇటూ తిప్పి, నెత్తికెత్తుకొని ఇర్మె గుడిసె దారి పట్టింది.

"కాళ్లు కడుక్కొని పోరాదే, నీ మొకం మండ!" అని అరిచింది సమ్మక్క. అవతలి ఒడ్డున మేకలు కాసేవాళ్లు లేచి నిలబడ్డారు.